కాస్త చెయ్యేయన్నా

కాశీబుగ్గ రేకుల గుడిలో
ఈ ఆదివారం కీర్తన చదవడం నా వంతు.
ఐదో తరగతి దాటని చదువు నాది.
వేలు పెట్టి చదువుతాను,
జీడి రసం తిన్న వేలు,
గోరు చుట్టూ నలుపు, మాడిన పెనం అంచులా.

మొదటి మాటే 'నా'.
ఎవరో పాతకాలపు మనిషి, రాజో గొర్రెల కాపరో,
తన ప్రాణాన్ని తానే పిలిచి
లే, ఆయన్ని మెచ్చుకో, అంటున్నాడు.
నవ్వొచ్చింది నాకు.
నేనూ అంతే కదా, తెల్లారి నాలుగింటికి
"దొర్కమ్మా, లేయే, యేళైపోనాది" అని
నన్ను నేనే లేపుకుంటాను.

ప్రభువా, నా స్తుతి చిన్నది.
నా ఇంటి కొలతలే దానికీ ఉన్నాయి.
సోంపేట ఆసుపత్రిలో నా పెనిమిటి నెత్తురు
గొట్టంలోంచి బయటికి పోయి
నాలుగు గంటలు ఊరు తిరిగి
మళ్ళీ ఒంట్లోకి వచ్చినందుకు స్తోత్రం.
మంగళవారం వచ్చింది, శుక్రవారం వచ్చింది,
వచ్చే మంగళవారం సంగతి నేనడగలేదు.
చీటీ పాటలో నా పేరు పడినందుకు స్తోత్రం.
బూడిద పూసి పూసి మొద్దుబారిన చేతికి
అన్నం వేడి ఇంకా తెలుస్తున్నందుకు.

ఇంతవరకు బాగానే ఉంది.
పుట తిప్పితే మనిషి మాట మార్చేశాడు.
నా, నా అన్నవాడు ఉన్నట్టుండి
సముద్రాన్ని పిలిచాడు.
కొండల్ని పిలిచాడు, పురుగుల్ని పిలిచాడు,
పేరు తెలియని దేశాల్ని పిలిచాడు.
మీరూ రండి, మీరూ పొగడండి.
ఎవరిచ్చారయ్యా నీకంత పెత్తనం?
నీ ఒక్కడికి జరిగిన మేలుకి
లోకమంతా ఎందుకు చప్పట్లు కొట్టాలి?

చదవడం ఆగిపోయింది.
పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు.
మూడు ఫ్యాన్లలో తిరిగే ఒక్క ఫ్యానూ కిర్రుమంది.

నాకు తెలుసు సముద్రం.
తిత్లీ రాత్రి దాని గాలి
మా గడప మీద ఎలా నిలబడిందో తెలుసు.
మా మామ నాటిన పదకొండు కొబ్బరి చెట్లు
తెల్లారేసరికి తలల్లేని మనుషులు.
ఆ గాలిని నేను స్తుతికి పిలవాలా?
అదొచ్చి నా పక్కన కూర్చుంటానంటే
చాప జరిపి చోటియ్యాలా?

జవాబు లేదు. మిగతాది గబగబా చదివి కూర్చున్నాను.

సోమవారం షెడ్డులో
పిక్కలు కొడుతూ అదే గొణుక్కుంటున్నాను.
ఎదురు పీట మీద ఒడియా పిల్ల కుంజలత,
దాని దేవుడు పూరీలో ఉంటాడు,
నా గొణుగుడు ఆగిన చోటల్లా
సరిగ్గా చెక్క సుత్తి వేస్తోంది.
కటక్. పెంకు.
కటక్. పప్పు.
మందస కొండ దిగొచ్చిన సవర పిల్ల సుక్కి
మాట తెలీకుండానే రాగం పట్టుకుంది.
"ఏటే దొర్కా, పెళ్ళా, పని సేత్తన్నారా?" అని
మేస్త్రి సిమ్మాచలం కేకేశాడు.
కేక వేస్తూనే వాడి కాలు ఆడుతోంది.

అప్పుడు కొంచెం తెలిసింది.
ఆ పాతకాలపు మనిషి పెత్తనం చెయ్యలేదు.
ఒక్కడే ఎత్తుకోలేకపోయాడు.
బియ్యం బస్తా నెత్తికెత్తుకోవాలంటే
దారిన పోయేవాణ్ణి
"కాస్త చెయ్యేయన్నా" అని అడగమూ?
అలా అడిగాడు సముద్రాన్ని.
మేలు చిన్నదే, మోయబోతే బరువు.
అందుకే నాకు కుంజలత కావాలి, సుక్కి కావాలి,
తిట్టే సిమ్మాచలమూ కావాలి,
బట్టీ పొగలో ఎగిరే కాకులు కూడా
ఓ చివర పట్టుకోవాలి.

గాలిని మాత్రం ఇంకా పిలవలేదు ప్రభువా.
దాని సంగతి నువ్వే చూసుకో.

మంగళవారం సోంపేట బస్సులో
ఆయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు.
సముద్రం వైపు నుంచి వచ్చి
ఆయన నుదుటి చెమట ఆరబెట్టి పోయింది.
కిటికీ మూయలేదు నేను.